దొరల బల్ల, మా కందూరు

మార్కాపురం అనగానే తెలుగువాళ్ళకి పలక గుర్తొస్తుంది. ఎన్నో తరాల పిల్లలు మా గనుల రాయి మీదే ఓనమాలు దిద్దారు. ఇప్పుడు పలక బడి నుంచి దాదాపుగా వెళ్ళిపోయింది. గనులు మాత్రం ఆగలేదు. ఆ రాయినే గోడలకీ, నేలకీ, ఇంటి కప్పులకీ బిళ్ళలుగా కోసి విదేశాలకి పంపుతున్నారు. ఈ కాలంలోనే యూరప్ లోని ఖరీదైన రెస్టారెంట్లకి ఒక కొత్త మోజు పట్టింది. పింగాణీ పళ్ళెం పక్కన పెట్టి నల్లరాతి పలక మీద తిండి వడ్డించడం. నాలుగు చీజ్ ముక్కలు, పొగబెట్టిన చేప, పక్కన వేలితో గీసినట్టు పూసిన చారెడు పచ్చడి. ఈ మోజు ఎంత ముదిరిందంటే 2015లో ఇంగ్లండులో 'మాకు పళ్ళేలు కావాలి' అంటూ ఒక ప్రచారమే నడిచింది.

ఆ పలక ఏ గనిదో మెనూ కార్డు మీద రాయరు. వైన్ ఏ ఊరిదో రాస్తారు. చీజ్ ఏ కొండమీది మేకల పాలదో రాస్తారు. రాయి ఎవరు తవ్వారు, ఎవరు పొరలు పొరలుగా చీల్చారు, ఎవరి ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరింది అన్నది రాయరు. మా వైపు ఆ పనిచేసే వాళ్ళలో షేకులున్నారు, దూదేకులవాళ్ళున్నారు, మాల మాదిగలున్నారు, వెనకబడిన కులాల ఆడవాళ్ళున్నారు.

కత్తీ, ఫోర్కూ, తెల్లగుడ్డా పరిచిన యూరోపియన్ భోజనపు బల్ల అంటే ఈ దేశంలో హోదా. మార్కాపురంలో గానీ గిద్దలూరులో గానీ అలాంటి రెస్టారెంటు లేదు. అయినా ఆ బల్లకీ ఈ మెట్టప్రాంతానికీ రెండు వందల ఏళ్ళ సంబంధం ఉంది. ఆ బల్ల ఎవరి చేతుల మీదుగా వచ్చింది? ఎవరు కూచుని తిన్నారు? ఎవరు నిలబడి వడ్డించారు? మా గురించి మాట్లాడేటప్పుడు నవాబులనీ, తల్వార్లనీ, బిర్యానీనీ తప్ప ఇంకేమీ తలుచుకోని చరిత్రలో ఈ ప్రశ్నలు లేవు. అందుకని మేమే వేసుకుంటున్నాం.

ముందు మా నేల సంగతి. ప్రకాశం జిల్లా పుట్టిందే 1970లో. అప్పటిదాకా మార్కాపురం, గిద్దలూరు, కంభం కర్నూలు జిల్లాలో ఉండేవి. అంతకు ముందు నిజాం ఏలుబడి. 1800లో నిజాం ఈ సీమని ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు. అవే దత్తమండలాలు. థామస్ మన్రో వచ్చాడు. పైమాయిషీ వచ్చింది, రైత్వారీ వచ్చింది, జమాబందీ వచ్చింది. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ ని కంపెనీ గద్దె దించి తిరుచినాపల్లికి పంపించింది. 1858లో కంభం, మార్కాపురం తాలూకాలని కర్నూలు జిల్లాలో కలిపారు. పాలకులు మారినప్పుడల్లా హద్దులు మారాయి. మా ఇళ్ళలో జొన్న సంగటి మాత్రం మారలేదు.

దొర ఒక్కడే రాడు. దొరతోపాటు డేరా వస్తుంది, మేజా వస్తుంది, కుర్చీ వస్తుంది, పెట్టెలో గాజుసామాను వస్తుంది. రోడ్ల వెంబడి ముసాఫరు బంగళాలు లేచాయి. ప్రతి బంగళాకీ వెనకవైపు, కాస్త దూరంగా, ఒక కుసిని. ఈ కుసిని అన్న మాట పోర్చుగీసు వాళ్ళది. బట్లరు ఇంగ్లీషు మాట. ఖానసామా పర్షియన్ మాట, సామాను చూసుకునే పెద్ద అని అర్థం. బబర్చీ అన్నదీ అక్కణ్ణుంచి వచ్చిందే. దొరల భోజనానికి తెలుగులో పుట్టిన మాట ఒక్కటీ లేదు. ఎందుకంటే ఆ భోజనాన్ని ముట్టుకోవడానికి తెలుగు పెద్దకులాలు ముందుకి రాలేదు. మాట పుట్టాలన్నా చెయ్యి తగలాలి కదా.

దొర తినేది గొడ్డుమాంసం, పందిమాంసం. తాగేది సారా. దొరని ముట్టుకుంటే మైల. మరి వండేదెవరు? మద్రాసు ఇలాకాలో దొరల వంటిళ్ళలోకి వెళ్ళింది ఎక్కువగా రెండు రకాల మనుషులు. ఒకరు ఊరికి అవతల బతికే మాల మాదిగలు, పరయాలు. రెండోవాళ్ళు మేం. మావాళ్ళకి పందిమాంసం హరాం. అయినా కొలువు కోసం ముక్కు మూసుకున్నవాళ్ళున్నారు. ఆ ఒక్కటి ఇంకొకడికి అప్పజెప్పి మిగతా వంట చేసినవాళ్ళున్నారు. కులం పోతుందనే భయం లేకపోవడం మాకు వచ్చిన అర్హత. కులం లేనివాడన్న అవమానమే కొలువైంది.

ఆ కొలువులో పేరు కూడా మిగల్లేదు. 1878లో మద్రాసులో కల్నల్ కెన్నీ హెర్బర్ట్ అనే సైనికాధికారి వైవర్న్ అన్న మారుపేరుతో ఒక వంటల పుస్తకం వేశాడు. ఫ్రెంచి పద్ధతిలో సూపులు, సాసులు, పేస్ట్రీలు మద్రాసు ఎండలో, మద్రాసు కట్టెలపొయ్యి మీద ఎలా వండించాలో అందులో చెప్పాడు. వండేవాడి పేరు మాత్రం అంతటా రామసామి. ఏ ఊరివాడైనా, ఏ మతంవాడైనా రామసామే. ఆ చేతులు వండిన వంట పేరు ఫ్రెంచిలో ఉంటుంది. చేతులకి పేరుండదు. ఆ చేతులు మాట్లాడిన ఇంగ్లీషుకి మాత్రం 'బట్లర్ ఇంగ్లీషు' అని పేరుపెట్టి నవ్వారు. దొరకి మన భాష రాకపోతే అది ఎవరికీ నవ్వులాట కాలేదు.

ఆ పుస్తకం వచ్చిన కాలం ఎలాంటిదో చూడండి. 1876 నుంచి 1878 దాకా ధాత కరువు. మద్రాసు ఇలాకాలో అతి ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. మా తాతల తాతలు ఆకులూ దుంపలూ తిన్న కాలం. సరిగ్గా 1877 జనవరి 1న వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో దర్బారు పెట్టి విక్టోరియాని హిందూదేశపు చక్రవర్తినిగా చాటించాడు. రాజులకీ, దొరలకీ రోజుల తరబడి విందులు. అదే నెలలో సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసుకి వచ్చి, కరువు పనుల్లో రాళ్ళు కొట్టే కూలీకి రోజుకి ఒక పౌను ధాన్యం, పైన కొద్దిపాటి డబ్బు చాలని తేల్చాడు. ఒక పౌనంటే అరకిలో కూడా కాదు. ఢిల్లీలో ఒక బల్ల, కంభంలో ఒక తాసు. రెండూ ఒకే ప్రభుత్వానివి.

ఆ కరువులోనే ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్ హాం కాలవ పని గుత్తకి తీసుకుని మాదిగలకి కూలీ ఇప్పించాడు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. గంజి కోసం మతం మారారని దాన్ని ఈసడించినవాళ్ళున్నారు. పక్కన కూచోబెట్టుకుని తినిపించేవాళ్ళు లేనిచోట, కూచోబెట్టుకున్నవాడి మతంలోకి మనిషి పోతాడు. ఇది మా పూర్వీకులకీ వర్తిస్తుంది. మేం అరేబియా నుంచి ఒంటెలెక్కి రాలేదు. ఈ ఊళ్ళలో దూది ఏకుతూ, రోళ్ళకి కక్కు కొడుతూ, తోళ్ళు అమ్ముతూ ఉన్న కులాలవాళ్ళే మాలో ఎక్కువమంది. ఒకే పళ్ళెంలో నలుగురు చెయ్యి పెట్టి తినే దస్తర్ఖాన్ వాళ్ళని పిలిచింది.

కరువు తర్వాత రైలొచ్చింది. కరువు వస్తే ధాన్యం మోసుకురావడానికని చెప్పి వేసిన మీటర్ గేజి దారి అది. 1882లో పెట్టిన సదరన్ మరాఠా రైల్వే కంపెనీ ఆ పని చేసింది. నల్లమల కొండల్ని తొలిచి, దొరబావి లోయమీద ఎత్తయిన వంతెన కట్టి, దిగువమెట్ట, గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్, దొనకొండ మీదుగా గుంటూరు వైపు పట్టాలు సాగాయి. రైలుతోపాటు తిండి ఒక పెద్ద సమస్య అయింది. ఎందుకంటే రైలుపెట్టె ఎవరి కులం అడగదు. ఆకలి అందరికీ వేస్తుంది.

గుంతకల్లు, బెజవాడ లాంటి పెద్ద స్టేషన్లలో ఆ సమస్యకి తెల్లవాళ్ళూ మన పెద్దకులాలవాళ్ళూ కలిసి కనుక్కున్న పరిష్కారం గోడలు. యూరోపియన్లకి ఒక రిఫ్రెష్ మెంట్ గది. అందులో తెల్లగుడ్డ పరిచిన బల్ల, సూపు, రోస్టు, పుడ్డింగు. హిందువులకి వేరే గది. అందులో మళ్ళీ బ్రాహ్మణులకి వేరే చోటు. ప్లాట్ ఫారం మీద హిందూ నీళ్ళు, ముస్లిం నీళ్ళు. ఇంజను తాగే నీళ్ళకి మాత్రం మతం లేదు. యూరోపియన్ గదిలో కోటు వేసుకుని, తలపాగా చుట్టుకుని వడ్డించినవాళ్ళలో మావాళ్ళున్నారు. వాళ్ళు ఆ గదిలోకి రోజుకి వందసార్లు వెళ్ళొచ్చు. కుర్చీలో మాత్రం ఒక్కసారీ కూచోకూడదు. పెరియార్ నాయకత్వంలో ద్రావిడోద్యమం గట్టిగా ఆందోళన చేశాకే 1941లో దక్షిణాది రైల్వే భోజనశాలల్లో బ్రాహ్మణుల వేరు పంక్తి పోయింది. రైలు వచ్చిన యాభై ఏళ్ళకి ఒక గోడ కూలింది.

రెస్టారెంటు అనేది పుట్టింది పారిస్ లో. పద్దెనిమిదో శతాబ్దంలో మొదలై 1789 విప్లవం తర్వాత బాగా పెరిగింది. ప్రభువులు పారిపోయాక వాళ్ళ వంటవాళ్ళు వీధిలోకి వచ్చి పొయ్యి పెట్టుకున్నారు. ప్రభువు పెట్టే విందుకి పిలుపు కావాలి, పుట్టుక కావాలి. రెస్టారెంటుకి డబ్బుంటే చాలు. అదేమీ పూర్తి సమానత్వం కాదు. జేబు ఖాళీ అయినవాడు అక్కడా బయటే. అయినా పుట్టుకని పక్కకి తోసి డబ్బుని కూచోబెట్టడం ఆ దేశంలో ఒక అడుగు. మనదగ్గరికి వచ్చేసరికి ఏమైంది? డబ్బూ కావాలి, పుట్టుకా కావాలి. పట్నాల్లో కాఫీ హోటళ్ళు వెలిశాయి. వాటి బోర్డుల మీద 'బ్రాహ్మణ హోటలు' అని రాసుకున్నారు. మాంసం వండే హోటలుకి మిలిటరీ హోటలు అని పేరొచ్చింది. మాంసం తినడం సిపాయిల పని, సంసారుల పని కాదన్నట్టు. నిజానికి 2014 నాటి ప్రభుత్వ సర్వే చెబుతోంది, ఆంధ్రప్రదేశ్ లో నూటికి తొంభై ఎనిమిది మంది మాంసం తినేవాళ్ళేనని. తొంభై ఎనిమిది మంది తినే తిండికి 'నాన్' అని ముందు తగిలించి, కానిదిగా చెప్పడం ఎవరి భాష?

మూడో రకం సాయిబు హోటలు. మా ఊళ్ళలో బస్టాండు పక్కన, రేకుల కింద. టీ, సేర్వా, పరాటా. అక్కడ ఎవరు ఏ బల్లమీద కూచున్నారని అడిగినవాళ్ళు తక్కువ. కాఫీ హోటలు గడప బయట కొబ్బరిచిప్పలోనో, వేరే గ్లాసులోనో తాగాల్సి వచ్చిన మనిషి సాయిబు హోటల్లో బల్ల దగ్గర కూచుని తాగాడు. ఇది మా గొప్ప అని చెప్పుకోవడం లేదు. మేం అందరికంటే మంచివాళ్ళమనీ కాదు. మైల పట్టే మడి మాకు లేదు, అంతే. కానీ ఈ రేకుల షెడ్డులో జరిగిన పని ఏ సంస్కర్త చరిత్రలోనూ చేరలేదు.

1950లో రాజ్యాంగం వచ్చింది. పదిహేనో అధికరణం రెండో భాగం చదవండి. మతం, జాతి, కులం, లింగం, పుట్టినచోటు కారణంగా దుకాణాల్లోకీ, పబ్లిక్ రెస్టారెంట్లలోకీ, హోటళ్ళలోకీ ఏ పౌరుణ్ణీ రానివ్వకుండా చెయ్యకూడదని అందులో ఉంది. ప్రపంచంలో ఎన్ని రాజ్యాంగాలు హోటళ్ళ గురించి మాట్లాడతాయి? మనది మాట్లాడాల్సి వచ్చింది. హోటలు గడపే ఈ దేశంలో సరిహద్దు కనుక. ఆ జాబితాలో మొదటి మాట మతం. అది గుర్తుంచుకోవాలి. చట్టం వచ్చిన తర్వాత కూడా రెండు గ్లాసుల పద్ధతి ఊళ్ళలో దశాబ్దాలు నడిచింది. 1985 జులై 17న అప్పటి ప్రకాశం జిల్లా తూర్పు భాగంలో కారంచేడు జరిగింది. చెరువు నీళ్ళ దగ్గర మొదలైంది గొడవ. నీళ్ళు, గ్లాసు, పంక్తి, పళ్ళెం. ఈ దేశంలో రక్తం ఎక్కువగా వీటి చుట్టూనే పారింది.

ఇక్కడ మాకు ఒక మాట ఎదురొస్తుంది. 'మీకేం, మీరు నవాబులు కదా' అని. నవాబుల బల్ల ఎలాంటిదో చూద్దాం. పైగా కుటుంబానికి చెందిన వికారుల్ ఉమ్రా 1884లో హైదరాబాదులో ఫలక్ నుమా కట్టడం మొదలెట్టాడు. తర్వాత అది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కి దక్కింది. అందులో నూటొక్కమంది ఒకేసారి కూచునే యూరోపియన్ భోజనపు బల్ల ఉంది. 2010 నుంచి ఆ మహలు తాజ్ వాళ్ళ హోటలు. ఒక రెస్టారెంటులో హైదరాబాదీ వంట, ఇంకొకదానిలో యూరోపియన్ వంట. 2017 నవంబరులో ప్రధాని నరేంద్ర మోదీ, అమెరికా అధ్యక్షుడి కూతురు ఇవాంకా ట్రంప్ ఆ నూటొక్క కుర్చీల బల్ల దగ్గరే విందు చేశారు. అప్పుడు బిర్యానీ దేశ సంస్కృతి. నిజాం బల్ల దేశ వారసత్వం. ఆ బల్లకీ గిద్దలూరు దూదేకుల సాయిబుకీ ఏం సంబంధం? నిజాం విందు చేసిన రోజున మా తాత కొర్రన్నం తిన్నాడు. నవాబుల వైభవానికి మేం వారసులం కాదు. నవాబుల మీది కోపానికి మాత్రం మమ్మల్ని వారసుల్ని చేశారు.

నవాబు కాని ముస్లిం వంట చేతబట్టుకుని పోతే ఏమైందో చెప్పే కథ కూడా ఒకటుంది. పాట్నాలో 1759లో పుట్టిన దీన్ మహమ్మద్ కంపెనీ సైన్యం వెంట తిరిగి, సముద్రం దాటి వెళ్ళాడు. 1810లో లండన్ లో హిందుస్తానీ కాఫీహౌస్ తెరిచాడు. బ్రిటన్ లో భారతీయుడు పెట్టిన మొదటి రెస్టారెంటు అది. మన కూరలు, వెదురు కుర్చీలు, హుక్కా. యూరోపియన్లు వచ్చి కూచున్నారు, మనవాడు యజమాని. 1812 కల్లా అతను దివాలా తీశాడు. ఆ పెద్ద మనుషులకి ఇంట్లోనే వంటవాళ్ళున్నారు, బయటికి వచ్చి తినే అవసరం పడలేదు. తర్వాత అతను బ్రైటన్ లో స్నానశాల పెట్టి బతికాడు. 2005లో ఆ కాఫీహౌస్ ఉన్న చోట గోడకి ఒక ఫలకం పెట్టారు. మా వంటవాళ్ళకి చరిత్రలో దొరికిన బహుకొద్ది ఫలకాల్లో అదొకటి.

మాలో వంటకీ తిండికీ పుట్టుకతో కట్టుబడ్డవాళ్ళు ఎంతమందో తెలుసుకోవాలంటే ప్రభుత్వ జాబితా చూడాలి. దూదేకుల, నూర్ బాషాలు ముందు నుంచీ వెనకబడిన తరగతుల్లో ఉన్నారు. 2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంకొన్ని ముస్లిం సమూహాల్ని బి.సి. ఇ గా గుర్తించి నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చింది. అందులో ఖురేషీలున్నారు, మాంసం కొట్టేవాళ్ళు. తురక కాశలున్నారు, రోళ్ళకీ తిరగళ్ళకీ కక్కు కొట్టేవాళ్ళు. ఒకడు రోలు గరుకు చేస్తే ఊరంతా పిండి రుబ్బుకుంది. ఒకడు మేకని కోస్తే ఊరంతా కూర వండుకుంది. అది ఆ ఊరి వంటింటి చరిత్ర. మతాన్ని బట్టి రిజర్వేషన్ ఇస్తారా అని కోర్టులకెక్కినవాళ్ళకి ఆ రోలు కనపడలేదు, సాయిబే కనపడ్డాడు.

ఇప్పుడు హైదరాబాదులో, బెంగుళూరులో కొత్త యూరోపియన్ రెస్టారెంటులోకి వద్దాం. మసక వెలుగు. పెద్ద పళ్ళెం మధ్యలో చిన్న ముద్ద. ఏడెనిమిది విడతల భోజనం. కార్డు మీద టెండర్లాయిన్ స్టేక్ అని ఉంటుంది. చాలా చోట్ల అది గేదె మాంసం. తినేవాళ్ళు రక్తం ఎంత కనపడాలో కూడా చెప్పి చేయించుకుంటారు. అది నాగరికత, రుచి తెలిసినతనం. అదే మాంసం మార్కాపురంలో మా గల్లీలోనో మాదిగవాడలోనో ఉడికితే వాసన. అద్దెకి ఇల్లివ్వకపోవడానికి కారణం. 'పెద్దకూర' అని గొంతు తగ్గించి చెప్పుకోవాల్సిన తిండి. ఈ రాష్ట్రంలో 1977 నుంచి గోవధ నిషేధ చట్టం ఉంది. గేదెలకీ ఎద్దులకీ పశువైద్యుడి సర్టిఫికెట్ ఉంటే అనుమతి ఉంది. మావాళ్ళు అడుగుతున్నది చట్టం దాటనివ్వమని కాదు, చట్టం లోపల భయం లేకుండా తిననివ్వమని. 2015 సెప్టెంబరు 28న ఢిల్లీ పక్కన దాద్రీ దగ్గర ఒక ఊళ్ళో, ఇంట్లో గొడ్డుమాంసం ఉందన్న పుకారు మీద మహమ్మద్ అఖ్లాక్ ని మూక కొట్టి చంపింది. ఇంగ్లీషు పేరుతో బల్లమీదికి వస్తే స్టేక్, మన పేరుతో ఫ్రిజ్ లో ఉంటే చావు. మాంసం ఒకటే. మారింది తినేవాడు.

ఆ రెస్టారెంటు వంటింట్లోకి తొంగిచూడండి. వంటవాళ్ళని సైన్యంలాగా అంతస్తులుగా నిలబెట్టిన పద్ధతి పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఫ్రెంచి వంటగాడు ఎస్కాఫియే తెచ్చింది. అన్నిటికంటే కింది మెట్టు మీద ఉల్లిపాయలు తరిగేవాడు, గిన్నెలు తోమేవాడు. ఆ మెట్టు మీద మా కుర్రాళ్ళుంటారు. మాల మాదిగ కుర్రాళ్ళుంటారు. గల్ఫ్ హోటళ్ళలోనూ అంతే. ముసాఫరు బంగళా కుసినికీ ఈ ఏసీ వంటింటికీ మధ్య ఎంత దూరం నడిచామో లెక్క వేసుకోవాలి.

దూరం నడవలేదని కాదు. మా పిల్లల్లో చదువుకున్నవాళ్ళు ఇవాళ ఆ బల్లల దగ్గర డబ్బు కట్టి కూచుంటున్నారు. మంచిదే. కత్తి కుడిచేతా ఎడమచేతా అని కంగారు పడక్కర్లేదు, అది రెండు రోజుల్లో వచ్చే విద్య. కానీ ఆ కుర్చీలో కూచోగానే వాళ్ళలో కొందరికి అమ్మీ వండిన సేర్వా పల్లెటూరి వాసనేస్తోంది. కొర్రలూ సజ్జలూ ఒకప్పుడు పేదల కూడు. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరం అన్నాక అవి పెద్ద హోటళ్ళ పళ్ళేల్లోకి ఎక్కాయి. పెద్దవాళ్ళ నోరు తగిలితే గానీ మన తిండికి విలువ రాదనే ఆ నమ్మకం మాలోనూ ఉంది. దొర బల్ల దగ్గర నిలబడి నిలబడి నేర్చుకున్న జబ్బు అది.

ఇదే ప్రాంతంలో ఇంకో రకం విందు ఉంది. దాని పేరు కందూరు. దర్గాకి మొక్కుకుని, మొక్కు తీరాక మేకని కోసి, ఫాతెహా చదివించి, వచ్చినవాళ్ళందరికీ పెట్టడం. మొక్కేవాళ్ళలో ముస్లింలెంతమందో హిందువులంతమంది. కొన్ని కుటుంబాల్లో పిల్లలకి మస్తానమ్మ, హుసేనయ్య అని పేర్లు పెట్టుకునేది ఆ పీర్ల మీది నమ్మకంతోనే. ఈ కందూరి అన్న మాటకి పర్షియన్ లో అసలు అర్థం ఏమిటో తెలుసా? భోజనానికి పరిచే గుడ్డ. తోలుతోనో నారతోనో చేసిన గుడ్డ. దొరల బల్లమీది తెల్లగుడ్డలాంటిదే మా గుడ్డ కూడా. తేడా ఒకటే. ఆ గుడ్డ బల్లమీద పరిచారు, చుట్టూ కుర్చీలు లెక్కపెట్టి వేశారు. మా గుడ్డ నేలమీద పరిచారు. వచ్చినవాడు కాస్త జరగమంటే జరిగి చోటిచ్చారు. గుడ్డ చిరిగిపోయింది, విస్తరాకులొచ్చాయి, పేరు మాత్రం మిగిలింది.

దాన్ని కూడా అద్దంలా తుడిచి చూపించం. కందూరులో సైతం దళితుల్ని వేరే వరసలో కూచోబెట్టిన ఊళ్ళున్నాయి. మా ఇళ్ళలో దస్తర్ఖాన్ దగ్గర మగాళ్ళు లేచాక, అడుగున మిగిలింది ఆడవాళ్ళకి. సయ్యదులు దూదేకులవాళ్ళ ఇంట్లో తింటారు, పిల్లనివ్వమంటే మొహం తిప్పుకుంటారు. నేలమీద పరిచినంత మాత్రాన గుడ్డ సమానం కాదు. చుట్టూ ఎవరు కూచుంటారో దాన్ని బట్టి అవుతుంది.

సెక్యులర్ మిత్రులకి ఒక మాట. రంజాన్ వస్తే 'బిర్యానీ ఏది భాయ్' అని ప్రేమగా అడుగుతారు. మీ ఇంట పెళ్ళికి దేగ్చీ వండటానికి సాయిబునే పిలుస్తారు. సంతోషం. వంటకి పిలుపు ఉంది. పంక్తికి పిలుపు ఎప్పుడు? మీ వంటింట్లో మా ఆడవాళ్ళు చెయ్యి పెడితే పక్కింటివాళ్ళు ఏమంటారోననే భయం ఎప్పుడు పోతుంది? మా ఇంటి బిర్యానీ తినడం స్నేహం. మా పక్కవాటా అద్దెకి ఇవ్వడం, మేం ఏం వండుకున్నామని అడక్కపోవడం, మూక వచ్చిన రోజున గడపలో నిలబడడం, ఇవి సెక్యులరిజం.

మార్కాపురం రాయికి ఒక గుణముంది. దాన్ని ఎంత పల్చగా చీల్చినా పొర పొరకీ అదే రంగు. దానిమీద అక్షరమూ రాయొచ్చు, అన్నమూ పెట్టొచ్చు. ఇన్నాళ్ళూ ఆ పలకమీద మా పిల్లలు దిద్దింది ఎవరో రాసిచ్చిన పాఠం. అందులో వంటవాడు లేడు, కక్కు కొట్టేవాడు లేడు, గనిలో దిగినవాడు లేడు. ఆ పాఠాన్ని తిరిగి రాయడం కోసమే ఈ నాలుగు మాటలు. యూరోపియన్ బల్లని పగలగొట్టమని మేం అనడం లేదు. దాని తెల్లగుడ్డ వెనక మా చేతుల తడి ఉందని ఒప్పుకోమంటున్నాం. ఒక కుర్చీ అటు జరపమంటున్నాం. ఆ కుర్చీలో కూచునేది మాలో ఎవరన్నది మా ఆడవాళ్ళతో, మాతోపాటు నిలబడ్డ దళితులతో కూచుని మేం తేల్చుకుంటాం.